చంద్రశేఖరపురపు బావినీరు - జీవరసాయన పాఠము

వెలిగొండల చెంతనున్న చంద్రశేఖరపురము నుండియు, దాని చుట్టుపట్ల పల్లెల నుండియు డిగ్రీ చదువునకై కనిగిరికో, మార్కాపురమునకో, ఒంగోలుకో పోవు విద్యార్థికి జీవరసాయన శాస్త్రపు తరగతిలో మొట్టమొదట ఎదురగునది సాధారణముగా ఒక నిర్వచనము. ప్రోటీనులనగా అమైనో ఆమ్లముల గొలుసులు. దాని వెంట ఒక పట్టిక: ఇరువది అమైనో ఆమ్లముల పేర్లు, వాని మూడక్షరముల సంకేతములు. పిమ్మట ఎంజైముల వర్గీకరణము. చిరకాలము ఆరు తరగతులుగా నుండిన ఎంజైములు 2018 నుండి ఏడు తరగతులైనవి. ఈ మార్పు కంఠస్థము చేయువానికి అదనపు భారము, తెలిసికొనువానికి ఆసక్తికరమైన వార్త. ఆపైన గ్లూకోజు పది మెట్లు దిగి పైరువేటు అగుట, అది క్రెబ్స్ వలయములో పడి తిరుగుట. సంవత్సరాంతమునకు విద్యార్థి ఈ వలయమును కన్నులు మూసికొని గీయగలడు. అది ఎక్కడ తిరుగుచున్నదని అడిగినచో, పుస్తకములో అని చెప్పకపోయినను, అతని మనస్సులోనున్న సమాధానము అదియే.

కంఠస్థము చేయుటయే దోషమని కొందరు విద్యావేత్తలు చెప్పుచుందురు. అది సరియైన నిదానము కాదు. వెనుకటి తరముల విద్యార్థులు అమరకోశమును వల్లించిరి, శబ్దమంజరిని వల్లించిరి. వల్లించిన మాట మరునాడో మరుసటేడో కావ్యములో ఎదురుపడెడిది. అప్పుడా మాటకు ప్రాణము వచ్చెడిది. జీవరసాయనములో వల్లించిన మాట మరల పరీక్షా పత్రములో తప్ప ఎక్కడను ఎదురుపడదు. దోషము జ్ఞాపకశక్తిని వినియోగించుటలో లేదు. పేరును ముందు చెప్పి, ఆ పేరు గల వస్తువును ఎన్నటికిని చూపకపోవుటలోనున్నది. ఈ శాస్త్రమునకు కావలసిన కావ్యము విద్యార్థి ఇంటిలోను, పొలములోను, బావిలోను ఉన్నది. ప్రత్యేకించి పశ్చిమ ప్రకాశమున.

కందిచేను ఎరుగని విద్యార్థి ఆ ప్రాంతమున ఉండడు. కందిగింజలో యూరియేజు అను ఎంజైము గలదు. అది యూరియాను అమ్మోనియాగను, బొగ్గుపులుసు వాయువుగను విడగొట్టును. నానబెట్టిన కందులను మెత్తగా నూరి, నీటిలో కలిపి వడకట్టి, ఆ నీటిలో చేనికి వేయు యూరియా చిటికెడు వేసి, పసుపునీటిలో ముంచి ఆరబెట్టిన కాగితమును తడిపి పాత్ర మూతికి తగిలించి కొంతసేపు ఉంచవలెను. అమ్మోనియా తగిలి పసుపు ఎర్రబడును. పసుపులో సున్నము కలిపిన పారాణి ఎర్రబడుట ప్రతి ఇంటను చూచినదే, ఇదియు అదే మార్పు. ఇంకొక పాత్రలో అదే కందినీటిని ముందుగా బాగుగ మరగించి, చల్లార్చి, యూరియా వేసినచో కాగితము పసుపుగనే ఉండిపోవును. మూడవ పాత్రలో కందినీరు లేక యూరియా నీరు మాత్రమే ఉంచినను రంగు మారదు. మూడు పాత్రలు, ఒక కాగితము. ఎంజైము అనునది ఒకటి గలదని, అది వేడికి చెడిపోవునని, అది లేనిదే ఆ పని అంత త్వరగా జరుగదని, ఒక్క గంటలో, ఏ ప్రయోగశాలయు లేకుండ తొమ్మిదవ తరగతి విద్యార్థికి సైతము తెలియును.

దీని వెనుక ఒక చరిత్ర ఉన్నది. ఎంజైములు ప్రోటీనులా కావా అను వివాదము ఇరువదవ శతాబ్దపు మొదటి పాదమున గట్టిగా నడచినది. కావని వాదించినవారిలో నోబెల్ బహుమానము పొందిన జర్మను రసాయనికుడు విల్‌స్టాటర్ ప్రముఖుడు. బాల్యమున వేటలో తుపాకి దెబ్బకు ఎడమచేయి పోగొట్టుకొనిన జేమ్స్ సమ్నర్ అను అమెరికను ఆచార్యుడు, మన తమ్మకాయ జాతికి చెందిన ఒక చిక్కుడు గింజ పిండి నుండి యూరియేజును స్ఫటికములుగా 1926లో వేరుచేసి, అది ప్రోటీనేనని చూపెను. పెద్దలు వెంటనే ఒప్పుకొనలేదు. ఇరువదేండ్ల తరువాత, 1946లో, ఆయనకు నోబెల్ బహుమానము వచ్చినది. ఒంటిచేతి మనిషి చిక్కుడుపిండితో సాధించిన ఈ విషయము పాఠ్యపుస్తకములలో "ఎంజైములు చాలావరకు ప్రోటీనులే" అను నాలుగు మాటలకు కుదించుకొనిపోయినది. ఆ నాలుగు మాటలను ఇంట నూరిన కందిపిండి మరల కథగా మార్చగలదు.

ఆముదమును తీసికొనుడు. ఆముదపు చెక్కను పొలమునకు ఎరువుగా వేయుదురే గాని పశువులకు పెట్టరు. అందులో రైసిన్ అను ప్రోటీను గలదు. అది కూడ ఒక ఎంజైమే. జీవకణములో ప్రోటీనులు తయారగు రైబోసోములను ఒక్కొక్కదానినే పట్టి, ఒకేచోట, ఒకే ఒక అడినైనును ఊడదీసి వానిని నిరుపయోగము చేయును. ఒక అణువు వెంట ఒక అణువుగా వేలకొలది రైబోసోములను చెరుపును గనుకనే అత్యల్ప పరిమాణమున ప్రాణాపాయము. మరి అదే గింజ నుండి తీసిన ఆముదమును పసిబిడ్డకు పట్టించుచుండిరి గదా? ప్రోటీను నూనెలో కరగదు. గింజలను వేయించి, దంచి, నీటిలో మరగించి తీయు వంటాముదములో వేడికి రైసిను చెడిపోవును. ఎంజైము వేగము, అది వేడికి చెడుట, ప్రోటీనుల కరుగు స్వభావము - ఈ మూడు పాఠములును ఒక గింజలో ఇమిడియున్నవి. ముసలమ్మలు ఆచరణలో ఎరిగినదానికి కారణము చెప్పుటయే ఇక్కడ విశ్వవిద్యాలయపు పని.

ఇవన్నియు పెరటి ముచ్చటలు, విశ్వవిద్యాలయ స్థాయికి తగవు అను ఆక్షేపణ రావచ్చును. అట్టివారికి బావినీటి సంగతి చెప్పవలసియున్నది.

1937లో షార్ట్, మెక్‌రాబర్ట్ మొదలగు వైద్యులు మద్రాసు రాజధానిలోని ఫ్లోరోసిస్ వ్యాధిని గూర్చి భారతీయ వైద్య పరిశోధన పత్రికలో ఒక వ్యాసము ప్రకటించిరి. వారు పరిశీలించినది నాటి నెల్లూరు జిల్లాలోని పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతములు. 1970లో క్రొత్త జిల్లా ఏర్పడిన తరువాత ఇవి ప్రకాశమునకు చెందినవి. వైద్యులకంటె ముందు ఈ వ్యాధిని గుర్తించినవారు రైతులు. కీళ్ళు బిగుసుకొని ఎడ్లు నడువలేకపోవుట 1930 ప్రాంతముననే వారి కంటబడినది. ప్రపంచ శాస్త్ర చరిత్రలో కనిగిరి పేరు చేరినది ఈ దుఃఖకరమైన మార్గముననే. చిత్రమేమనగా, హాన్స్ క్రెబ్స్ తన పేరిటి వలయమును ప్రకటించినది కూడ అదే 1937లో. మన విద్యార్థికి ఆ రెండింటిలో ఒక్కటే చెప్పబడుచున్నది.

అక్కడి నేల అడుగున నల్లరాతి పొరలు. ఆ రాతి ఖనిజములలో ఫ్లోరైడు ఉన్నది. వాన తక్కువ, నీరు రాతి సందులలో దీర్ఘకాలము నిలుచును, క్షారగుణము హెచ్చి సున్నపు పాలు తగ్గిన నీటిలోనికి ఫ్లోరైడు సులభముగా దిగును. త్రాగునీటిలో లీటరునకు 1 మిల్లీగ్రాము మించరాదని, వేరు ఆధారము లేనిచోట 1.5 వరకు సహింపవచ్చునని భారతీయ ప్రమాణము. దానిని మించిన నీటిని ఏండ్ల తరబడి త్రాగినవారికి పండ్లు గారపట్టును, వెన్ను బిగియును, కాళ్ళు వంగును.

ఈ ఫ్లోరైడుకును, గ్లూకోజు దిగు పది మెట్లకును సంబంధమున్నది. తొమ్మిదవ మెట్టులో ఇనోలేజు అను ఎంజైము పనిచేయును. ఫ్లోరైడు, మెగ్నీషియము, ఫాస్ఫేటు కలిసి దాని పనిచేయు చోటును ఆక్రమించి దానిని నిలిపివేయునని 1940 తరువాత జర్మనీలో వార్‌బుర్గ్, క్రిస్టియన్‌లు వివరించిరి. ఈ విషయము నేడు ప్రతి రక్తపరీక్షా కేంద్రమునను అక్కరకు వచ్చుచున్నది. చక్కెర పరీక్షకై రక్తమును తీసికొను బూడిదరంగు మూత గొట్టములో సోడియం ఫ్లోరైడు వేసియుందురు. వేయనిచో గొట్టములోని రక్తకణములు గ్లూకోజును తినుచునే ఉండి, గంటకు నూటికి ఐదు నుండి ఏడు పాళ్ళ చొప్పున తగ్గించును. ఎర్రకణములలో మైటోకాండ్రియాలు లేవు, కావున క్రెబ్స్ వలయము అక్కడ తిరుగదు. వానికున్నది ఆ పది మెట్లే.

ఇచ్చట ఒక మంచి ప్రశ్న పుట్టును. ఫ్లోరైడు వేసిన గొట్టములో సైతము మొదటి గంట, రెండు గంటలలో చక్కెర కొంత తగ్గుచునే ఉండును. ఎందుచేత? పది మెట్లను వల్లించినవాడు దీనికి సమాధానము చెప్పలేడు. మెట్ల వరుసను గ్రహించినవాడు చెప్పగలడు. ఫ్లోరైడు మూసినది తొమ్మిదవ తలుపును. గ్లూకోజును లోనికి పట్టుకొనునది మొదటి తలుపు. కణములో నిల్వయున్న ఏటీపీ తరుగునంతవరకు ఆ మొదటి తలుపు తెరచియే ఉండును. చివర రావలసిన ఏటీపీ రాక నిల్వ ఖర్చయిన పిమ్మటనే అది మూసికొనును. జీవక్రియ అనగా ఒక పట్టిక కాదని, ఒకచోట అడ్డు పడినచో మరియొకచోట ఆలస్యముగా తెలియు ప్రవాహమని ఈ ఒక్క ప్రశ్న బోధించును. చెరువు తూము మూసినను కాలువలో నీరు కొంతసేపు పారుట ఎరిగిన రైతుబిడ్డకు ఇది దుర్గ్రాహ్యము కాదు.

ఇంతటితో ఉత్సాహము హద్దు మీరరాదు. "మన బావినీరు మన ఇనోలేజును ఆపి ఎముకలను వంచుచున్నది" అని ఎవరైన ఉపాధ్యాయుడు తొందరపడి చెప్పినచో అది అసత్యము. గొట్టములో మిల్లీలీటరు రక్తమునకు సుమారు రెండున్నర మిల్లీగ్రాముల సోడియం ఫ్లోరైడు ఉండును. అందు ఫ్లోరైడు పాలు లెక్కించిన లీటరునకు 1,100 మిల్లీగ్రాములకు పైన. లీటరునకు 4 మిల్లీగ్రాములున్న చెడ్డ బావితో పోల్చినను 280 రెట్లు హెచ్చు. ఆ నీరు త్రాగినవాని రక్తములో చేరునది ఇంకను స్వల్పము. ఎముకను చెరుపునది ప్రధానముగ వేరు మార్గము. ఎముకలోని కాల్షియం ఫాస్ఫేటు ఖనిజములో హైడ్రాక్సిలు స్థానమును ఫ్లోరైడు ఆక్రమించును, ఎముక కట్టు కణముల పని గతి తప్పును. ఒకే పదార్థము ఒక మోతాదులో ఎంజైమును ఆపును, వేరొక మోతాదులో ఎముకను మార్చును, మరింత స్వల్పముగ పంటిని పుచ్చుపట్టకుండ కాపాడును. మోతాదు, స్థలము, కాలము - ఇవి తెలియక జీవరసాయనము లేదు. ఊరి ఉదాహరణమునకు విలువ అది ఊరిదైనందున రాదు, దానిని లెక్కగట్టి సరిచూడగలిగినందున వచ్చును.

జొన్న సంగతియు ఇట్టిదే. జొన్నలే ముఖ్యాహారముగా గల తెలంగాణపు పేదలలో ఎండ తగులు చోట చర్మము నల్లబడి పగులు పెలాగ్రా వ్యాధి కనబడుచుండెడిది. పెలాగ్రా మొక్కజొన్న తినువారి వ్యాధి అని పాశ్చాత్య గ్రంథములు చెప్పుచుండ, హైదరాబాదునందలి పోషకాహార పరిశోధన సంస్థలో గోపాలన్, శ్రీకాంతయ్యలు 1960లో లాన్సెట్ పత్రికలో క్రొత్త ఊహ నొకదానిని వెల్లడించిరి. జొన్న ప్రోటీనులో ల్యూసిను అను అమైనో ఆమ్లము మిక్కుటమగుట వలన, ట్రిప్టోఫాను నుండి నియాసిను తయారగుటకు భంగము కలుగుచున్నదని వారి భావము. ఈ ఊహపై తరువాత చాల వాదములు జరిగినవి, అందరును అంగీకరింపలేదు. అందుచేతనే అది విద్యార్థికి మరింత ఉపయోగకరము. ఇరువది అమైనో ఆమ్లముల పట్టికలో ల్యూసిను ఒక పేరు మాత్రమే. జొన్నరొట్టె తిను మనిషి చర్మము ముందు అదొక ప్రశ్న. నియాసిను నుండి వచ్చు సహ ఎంజైము లేనిదే ఆ పది మెట్లలో ఆరవది నడువదని చెప్పినచో పాఠము మరల మొదటికి వచ్చి కలియును. అదే సంస్థ నుండి 1973లో ఫ్లోరైడు ప్రాంతములలో మోకాళ్ళు లోనికి వంగుటను గూర్చిన పరిశీలన కూడ లాన్సెట్‌లో వెలువడినది. ఆంధ్రదేశపు జబ్బులు లండను పత్రికకు చేరినవి. ఆంధ్రదేశపు తరగతి గదులకు చేరుట మిగిలియున్నది.

ఇక ఎల్లాప్రగడ సుబ్బారావు. 1895లో భీమవరమున పుట్టి, రాజమహేంద్రవరమున చదివి, మెట్రిక్యులేషనులో రెండుమార్లు తప్పి మూడవమారు ఉత్తీర్ణుడై, మద్రాసులో వైద్యము ముగించి, 1922లో బోస్టను చేరిన ఈ తెలుగువాని పేరు ఉపన్యాసములలో తరచు వినవచ్చును, పాఠములో వినరాదు. 1925లో సైరస్ ఫిస్క్‌తో కలిసి ఫాస్ఫరసును కొలుచు పద్ధతిని ఆయన వెలువరించెను. మాలిబ్డేటుతో కలిసిన ఫాస్ఫేటును క్షయకరణము చేసిన నీలిరంగు వచ్చును, రంగు గాఢతను బట్టి ఫాస్ఫరసు ఎంతయో తెలియును. ఆ కొలతతోనే 1927లో కండరములలోని ఫాస్ఫోక్రియాటిను బయటపడెను, 1929లో ఏటీపీ బయటపడెను. అదే సంవత్సరమున జర్మనీలో లోమన్ కూడ ఏటీపీని స్వతంత్రముగ కనుగొనెను. ఈ మాట దాచి సుబ్బారావు ఒక్కడే కనుగొనెననుట ఆయనకు గౌరవము కాదు. ప్రయోగశాలలలో ఫిస్క్-సుబ్బారావు పద్ధతి నేటికిని చేయుచున్నారు. ఆ జంటపేరులో రెండవవాడు గోదావరి మండలపు మనిషి యని చెప్పుటకు అరనిమిషము చాలును. ఇంటివారిని బలిగొని తన్నును పీడించిన స్ప్రూ వ్యాధిని ఆయన మరువలేదనియు, తరువాత లెడర్లీ సంస్థలో ఆయన నాయకత్వమున ఫోలిక్ ఆమ్లము కృత్రిమముగ తయారైనదనియు చెప్పుటకు మరియొక నిమిషము.

భాష విషయమును తప్పించుకొనుటకు వీలులేదు. ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీ తరగతుల బోధన 2021-22 విద్యా సంవత్సరము నుండి ఇంగ్లీషులోనే జరుగవలెనని ప్రభుత్వము నిర్ణయించినది. 1968లో స్థాపితమైన తెలుగు అకాడమి ప్రచురించిన శాస్త్ర గ్రంథములను ఆ నిర్ణయముతో అటకపై పెట్టనక్కరలేదు. పరీక్ష ఏ భాషలో వ్రాసినను అర్థమగుట తల్లిభాషలో మొదలగును. అయితే పారిభాషిక పదముల విషయమున మనవారి పట్టుదల కొంత తగ్గవలెను. ప్రోటీనులకు "మాంసకృత్తులు" అను మాట చక్కనిది, పలుకుటకు ఇంపైనది, కాని సగము సత్యమే చెప్పును. మాంసము చేయునవి అని విన్న బాలుడు వానిని కండ పెంచు ఆహారముగ భావించి, ఎంజైము కూడ ప్రోటీనే అన్నప్పుడు దిగ్భ్రమ చెందును. ఇంగ్లీషువారి మాటయు పరిపూర్ణము కాదు. 1838లో ముల్డర్ వాడిన ప్రోటీను అను పదమునకు గ్రీకు మూలమున "మొదటిది" యని మాత్రమే అర్థము. ఎంజైము అనగా గ్రీకున "పులియబెట్టు మడ్డిలోనిది" అని. ఆ మాట తెలుగున ఎంజైముగనే నిలిచినది, నిలువనిండు. జీవక్రియ అను మాట మాత్రము ఇంగ్లీషు మాటకంటె మేలైనది, వినగానే తెలియును. మాట ఎచ్చటిదైనను, దాని వెనుక కందినీరు, పసుపు కాగితము ఉండవలెను.

కాలము చాలదందురు. పాఠ్యప్రణాళిక పెద్దదే. మొదటి సంవత్సరమున వర్గీకరణముల భాగమును సగమునకు తగ్గించి, ఆ గంటలను ప్రయోగములకు ఇచ్చినచో నష్టపోవునది కంఠపాఠము మాత్రమే. వర్గీకరణము రెండవ సంవత్సరమున, వస్తువులు తెలిసిన తరువాత, తానే అర్థవంతమగును. పాఠశాల ఉపాధ్యాయులు కందిప్రయోగమును, పాలు తోడుకొనుటను, నమిలిన అన్నము తియ్యబడుటను తమ తరగతులలోనే ముగించి పంపగలిగిన, కళాశాలవారి పని సగము తేలికయగును.

కనిగిరి ప్రాంతపు కళాశాలలలో జీవరసాయనపు మొదటి ప్రయోగము వంద మైళ్ళ దూరమునుండి తెప్పించిన రసాయనముతో మొదలు కానక్కరలేదు. సోమవారమునాడు ప్రతి విద్యార్థియు తన ఇంటివారు త్రాగు నీటిని ఒక సీసాలో తెచ్చును. జిర్కోనియము, అలిజరిను కలిపిన ఎర్రని ద్రవములో ఆ నీరు పడినప్పుడు, ఫ్లోరైడు హెచ్చినకొలది ఎరుపు విరిగి పసుపువైపు తిరుగును. తెలిసిన పాళ్ళలో ఫ్లోరైడు కలిపిన నీళ్ళు వరుసగ ప్రక్కన నిలిపినచో ఎవరి సీసా ఏ స్థానముననున్నదో కంటికే తెలియును. చంద్రశేఖరపురపు సీసా ఒకటి, పామూరుది ఒకటి, వెలిగండ్లది ఒకటి. ప్రతి సీసాపై చిన్న కాగితము అంటించియుండును: ఊరి పేరు, బావియా బోరా, ఎన్ని గజముల లోతు, ఎన్ని ఇండ్లవారు త్రాగుచున్నారు, నీరు పట్టిన తేది.